ఇల్లు కొనడానికి ముందు ఒక వేసవి ఉండి చూడండి

ప్రశ్న: మేము పదహారేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాము. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పుడు ఇంటి నుంచే, నెలకు రెండు రోజులు మాత్రం ఆఫీసుకు వెళ్ళాలి. ఉన్న ఫ్లాటు అమ్మి కర్నూలులో స్థిరపడాలని అనుకుంటున్నాము. సంక్రాంతి సెలవుల్లో వచ్చి తుంగభద్రకు దగ్గరలో ఒక ఇల్లు చూశాము. ఊరూ నచ్చింది, ధరా నచ్చింది. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. చిన్న ఊళ్ళో ఖర్చు తగ్గుతుందని ఆయన అంటారు, పిల్లల చదువు ఏమవుతుందోనని నా బెంగ. అక్కడ మాకు బంధువులెవరూ లేరు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, మియాపూర్

జవాబు: అమ్మా, ఫ్లాటు ఇప్పుడే అమ్మకండి. పిల్లల పరీక్షలు కాగానే దానికి తాళం వేసి, ఏప్రిల్, మే నెలలు ఇక్కడ కర్నూలులో ఒక అద్దె ఇంట్లో గడపండి. సంక్రాంతి రోజుల్లో కర్నూలును చూసినవారికి ఈ ఊరు నచ్చకపోతేనే ఆశ్చర్యం. మే నెలలో ఎండ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలకు చేరి, మేడ మీది గది రాత్రి పదకొండు దాటినా చల్లబడక, కుళాయికి నీళ్ళు వదిలే వేళనుబట్టి ఇంటి పనులన్నీ సర్దుకోవలసి వచ్చినప్పుడు మాత్రమే ఇక్కడ ఉండగలరో లేదో మీ నలుగురికీ తేటతెల్లమవుతుంది. మేము 2012 ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి వచ్చి దిగింది అటువంటి పై అంతస్తులోనే. పైకప్పుకు సున్నం కొట్టించుకోమని ఇంటివారు చెబితే, పల్లెటూరి సలహా అనుకొని పెడచెవిన పెట్టాను. మే రెండో వారంలో సున్నం బకెట్టు పట్టుకొని నేనే మేడ ఎక్కాను. కనుక, కింది అంతస్తులో బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన పాత ఇల్లు దొరికితే, చూపులకు అంత బాగా లేకపోయినా అదే తీసుకోండి. సంపులో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో అడగడం మరచిపోవద్దు.

కింది అంతస్తు అన్నాను కనుక నది సంగతి కూడా చెప్పాలి. మీకు నచ్చిన ఆ ధర అంత తక్కువగా ఎందుకుందో అమ్మేవారిని అడిగి లాభం లేదు, ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా కాపురమున్నవారిని అడగండి. “వరదప్పుడు ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?” అన్న ఒక్క ప్రశ్న చాలు. ఏ వరద అని ఎవరూ మిమ్మల్ని తిరిగి అడగరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి, పెద్ద నది ఉరవడికి చిన్న నది నీరు ముందుకు సాగలేక వెనక్కి తన్నడంతో పాతబస్తీ, దాని చుట్టుపక్కల పల్లపు కాలనీలు మునిగిపోయాయి. మేము రెండోసారి అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు, వంటగది చూపిస్తూ, స్విచ్‌బోర్డుకు జానెడు పైన అరచెయ్యి ఆనించి, “ఇంతవరకు వచ్చిందమ్మా” అన్నారు. గోడలకు అప్పటికే రెండుసార్లు రంగులు వేయించారట. గోడ బీరువా తలుపు మాత్రం ఆనాడు ఉబ్బింది ఉబ్బినట్టే ఉండి, మేము ఉన్నన్నాళ్ళూ పూర్తిగా మూసుకోలేదు. ఆమె దాచకుండా చెప్పినందుకే ఆ ఇంట్లో చేరి, ముఖ్యమైన కాగితాలన్నీ అటక మీద పెట్టుకున్నాము. అద్దెకుండేవారికి ఆ మాత్రం జాగ్రత్త సరిపోతుంది కానీ, పదహారేళ్ళ కష్టార్జితం పోసి కొనేవారికి సరిపోదు. 2024 ఆగస్టులో హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయిందని తెలిసిన రోజు, మా వీధిలో సగం మంది పనులు మానుకొని వంతెన మీదికి వెళ్ళి నది చూసి వచ్చారు. మీరు కొనబోయే ఇంట్లో అటువంటి రోజున నిద్ర పడుతుందా అన్నది ఆలోచించండి.

ఖర్చు తగ్గుతుందన్న మీవారి మాట సగం నిజం. ఇంటి అద్దె, ఆటోలు, పాలు, కూరగాయలు తేలికవుతాయి. సీ క్యాంపు రైతుబజారుకు ఉదయాన్నే వెళితే వారానికి సరిపడా కూరలు తెచ్చుకొని కూడా హైదరాబాదు లెక్క గుర్తుకొచ్చి నవ్వుకుంటారు. బడి ఫీజు, వేసవి కరెంటు బిల్లు మాత్రం మీరు ఆశించినంత తగ్గవు. పైగా ఇంటి నుంచి పని కనుక ఇన్వర్టరు, రెండు వేరువేరు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టుకోక తప్పదు. నెలకు రెండు రోజుల ప్రయాణం పెద్ద సమస్య కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. రైలు కావాలంటే కర్నూలు సిటీ స్టేషన్ నుంచి సికింద్రాబాదుకు తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఉంది. నిజంగా మిగిలేది సాయంకాలం. ట్యూషన్ నుంచి పిల్లవాణ్ణి తీసుకురావడానికి పది నిమిషాలు చాలు. ఆ మిగిలిన సమయాన్ని ఏం చేసుకోవాలో తోచక మొదటి ఆరు నెలలు టీవీ ముందు కూర్చున్నవాళ్ళను కూడా చూశాను.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటుంది. మీరు మారుతున్నది ఊరు ఒక్కటే కాదు, రాష్ట్రం కూడా. తెలంగాణ నంబరు బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంటే మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అందుకు పాత ఆర్టీఓ కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. అది డబ్బుతో తీరే పని. బాబు సంగతి అలాంటిది కాదు. రాష్ట్రంలో ఇంజనీరింగ్, వైద్య కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఏ విశ్వవిద్యాలయ పరిధిలో చదివితే ఆ పరిధికి స్థానికుడని లెక్క. కర్నూలు ఇందులో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తుంది. బాబు ఈ జూన్‌లో తొమ్మిదో తరగతి ఇక్కడ చేరితే ఆ నాలుగేళ్ళూ సరిగ్గా పూర్తవుతాయి. పదో తరగతిలోనో, ఇంటర్ మధ్యలోనో తీసుకువస్తే అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. అందువల్ల వేసవి గడిపిన తరువాత జూన్‌లోనే తేల్చుకోండి. ఉండిపోదామనుకుంటే ఫ్లాటు అద్దెకిచ్చి ఇక్కడ అద్దెకుండండి, వద్దనుకుంటే అతని ఇంటర్ అయ్యేదాకా ఈ ఆలోచనే పెట్టుకోకండి. పాపకు ఇంకా చాలా సమయముంది.

ప్రశ్న: మాది కాకినాడ. బ్యాంకు ఉద్యోగంలో బదిలీపై కర్నూలు వచ్చి ఐదు నెలలైంది, ఒంటరిగా ఉంటున్నాను. జీతమెంత, పెళ్ళెప్పుడు, నిన్న వచ్చినవాళ్ళెవరు అని ఇరుగుపొరుగువారు అడుగుతూనే ఉంటారు. నేను మాట్లాడితే నవ్వుతారు. ఇక్కడ ఎవరితోనూ కలవలేకపోతున్నాను.
— ఇరవై ఏడేళ్ళ పాఠకురాలు, వెంకటరమణ కాలనీ

జవాబు: నవ్వును పట్టించుకోకండి. మీ “అండీ” వాళ్ళకు ఎంత వింతో, వాళ్ళ “అప్పా” మీకు అంత వింత. మీరు మరమరాలంటే దుకాణదారు ఒక్క క్షణం ఆలోచించి బొరుగులు తూచి ఇస్తాడు. మీ ఉల్లిపాయ ఇక్కడ ఉల్లిగడ్డ, మీ బొబ్బట్లు ఇక్కడ భక్షాలు. నేను మొదటి ఏడాది ఈ మాటలన్నీ మార్చుకోవాలని తంటాలు పడి, ఎవరినీ మెప్పించలేక మానుకున్నాను. అలా మానుకున్న తరువాతనే, మా కూరగాయల ఆవిడ నా మాటలను నాకే అనుకరించి చూపించి, ఆ చనువుతో గుప్పెడు కొత్తిమీర ఊరికే సంచిలో వేయడం మొదలుపెట్టింది.

ప్రశ్నల విషయంలో మీకు రెండు దారులున్నాయి. జీతం, పెళ్ళి, వచ్చిపోయేవారు మీ సొంత విషయాలు. “అవి చెప్పనక్కా” అని నవ్వుతూ అనేయండి. అక్కా అని పిలిచి కాదంటే ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు, ముఖం చిట్లించి తలుపు వేసుకుంటే మాత్రం నెలల తరబడి గుర్తుపెట్టుకుంటారు. చెప్పదగినవి మీరే ముందుగా చెప్పండి. ఫలానా బ్యాంకు, ఫలానా ఊరు, పండుగకు అమ్మానాన్నలు వస్తారు అని తెలిస్తే, మిగతా ఆరాలో సగం దానంతటదే తగ్గుతుంది. మహానగరంలో డబ్బు పెట్టి కొనుక్కునే సేవలు ఎన్నో ఇక్కడ పరిచయం మీద నడుస్తాయి. పనిమనిషి, ప్లంబరు, రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసే మందుల షాపు ఏదైనా సరే, ఎవరో ఒకరు చెప్పి పంపితేనే దొరుకుతాయి. మేము ఇక్కడికి వచ్చిన రెండో ఏడు మా అత్తగారు స్నానాల గదిలో జారిపడినప్పుడు అంబులెన్సు కోసం ఫోను తిప్పుతుండగానే, రోజూ నా విషయాలన్నీ ఆరా తీసే పక్కింటి పెద్దాయన తన ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. అప్పటి నుంచి ఆయన అడిగేవాటిలో సగానికి జవాబు చెబుతున్నాను, మిగతా సగానికి ఇప్పటికీ చెప్పను.

ఒక ఆదివారం ఉదయం గది వదిలి, దగ్గరలోని చిన్న హోటలుకు వెళ్ళి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని చూడండి. నానబెట్టి పిండిన బొరుగులకు పోపు పెట్టి పుట్నాల పొడి చల్లే ఆ వంటకం పార్సిలు కట్టించుకుంటే మెత్తబడిపోతుంది. అక్కడే కూర్చొని తినాలి. నలుగురు పలకరిస్తారు, అందులో మీ వయసువారు కూడా ఉంటారు.

ప్రశ్న: రెండేళ్ళలో పదవీ విరమణ చేస్తాను. ఓర్వకల్లు వైపు ఒక ప్లాటు కొని ఇల్లు కట్టుకోవాలని ఉంది. విమానాశ్రయం ఉంది, పరిశ్రమలు వస్తున్నాయి, ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేరని బ్రోకరు తొందర పెడుతున్నాడు.
— ఒక ప్రభుత్వోద్యోగి, అనంతపురం

జవాబు: బ్రోకరు చెప్పినవి అబద్ధాలు కావు. ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో మొదలైంది, అక్కడి పారిశ్రామిక కేంద్రానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయితే కర్నూలువాళ్ళకు పెద్ద ప్రకటనలు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, 1956 నవంబరు 1 నాటికి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. పరిశ్రమ వస్తే ప్లాటు ధర పెరగవచ్చు. కానీ మీరు అడిగింది అరవై ఏళ్ళు దాటిన తరువాత కాపురముండడం గురించి. ఆ వయసులో పెద్దాసుపత్రికీ, మందుల షాపుకూ, సాయంత్రం నలుగురు కూర్చునే గుడి అరుగుకూ దగ్గరగా, ఊరిలోపల చిన్న ఇల్లైనా మేలని నా అభిప్రాయం.

అయినా ఆ ప్లాటు మీదే మనసుంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఈసీని ముప్పై ఏళ్ళకు తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు, వకీలుకు చూపించి, లేఅవుటు అనుమతి నంబరును పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయంలోనే సరిచూసుకోండి. తరువాత మే నెలలో ఒక రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు, మీ శ్రీమతిని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళి, చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయో కనుక్కోండి. ఆ వేళకు రమ్మంటే బ్రోకరు ఉదయమే వెళ్దామంటాడు. మీరు మాత్రం రెండింటికే వెళ్ళండి.