గెట్ పక్కన ఏముందో చూడు

చిరంజీవి అమ్మడికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. ఇంటర్వ్యూ దగ్గరపడుతోందని టెన్షన్‌తో ఇంగ్లిష్ 'గెట్' అర్థాలన్నీ డిక్షనరీ చూసి బట్టీ పడుతున్నావట. ఆ పని ఇవాళే మానెయ్. ఆ క్రియను విడిగా పట్టుకుంటే అర్థం తెలియదు, దాని పక్కన ఏముందో చూడాలి.

వస్తువు ఉంటే దొరకడం, అందడం: 'గెట్ ఎ జాబ్', 'గెట్ ఎ లెటర్'. స్థితి చెప్పే మాట ఉంటే అలా అవడం: 'గెట్ టైర్డ్'. 'టు' పెట్టి ఊరి పేరు వస్తే చేరుకోవడం. ఇవి నీకు కష్టం కాదు.

మనవాళ్లు తడబడేది మరోచోట. షాపులో ఫోన్ బాగుచేయించుకొచ్చి 'ఐ రిపేర్డ్ మై ఫోన్' అంటారు. వినేవాళ్లకి నువ్వే స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పి బాగుచేశావని తోస్తుంది. చేయడానికీ చేయించడానికీ తేడా తెలుగు పిల్లవి నీకు చెప్పాలా? మనం 'ఇంచు' చేర్చి చెప్పేదాన్ని ఇంగ్లిష్‌లో గెట్‌తో చెప్పొచ్చు: 'ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్'. జాకెట్టు కుట్టించుకుంటే 'ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్'. ఫలానా మనిషి చేత చేయించామని చెప్పాలంటే మధ్యలో 'టు' రావాలి: 'ఐ గాట్ హిమ్ టు సైన్'. అదే 'మేడ్' వాడితే ఆ 'టు' ఉండదు: 'ఐ మేడ్ హిమ్ సైన్'. ఇదొక్కటి నోటికి పట్టేదాకా వదలకు.

ఇక ఎక్కడం, దిగడం. గుణుపురంలో రైలెక్కితే 'గెట్ ఆన్', ఇక్కడ స్టేషన్ బయట ఆటో ఎక్కితే 'గెట్ ఇన్'. లోపల లేచి నడవగలిగే బండికి ఆన్, ఆఫ్. ఒంగి దూరి కూర్చునేదానికి ఇన్, ఔట్ ఆఫ్. బైకుకీ సైకిలుకీ కూడా ఆన్, ఆఫ్‌లే. బస్సు దిగడాన్ని 'గెట్ డౌన్' అనడం మన దేశంలో అలవాటే, కానీ ఇంటర్వ్యూలో 'గెట్ ఆఫ్' అను.

దరఖాస్తులో గెట్ తగ్గించు. ఉత్తరం అందితే 'రిసీవ్డ్', సర్టిఫికెట్ తీసుకుంటే 'అబ్టెయిన్డ్' బావుంటాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, సవరలనే గిరిజనులు మాట్లాడుతుంటే విని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. అర్థాల జాబితా కన్నా నిజంగా మాట్లాడే వాక్యాలే నీకూ పనికొస్తాయి. రోజూ నువ్వు ఎవరిచేతైనా చేయించుకున్న పనులు రెండు మూడు ఇంగ్లిష్‌లో రాసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపిస్తాను.

అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ మావయ్య