మత హింసపై రాజకీయ హెచ్చరిక వస్తే షేర్ మార్కెట్ పడిపోతుందా?

హెచ్చరిక ఒక్కదానికే మార్కెట్ సాధారణంగా కూలదు. కాసేపు ఊగి సర్దుకుంటుంది. మదుపరులు చూసేది మాటల్ని కాదు, కంపెనీల వ్యాపారం ఆగుతుందా, పార్లమెంటులో బిల్లులు నిలిచిపోతాయా అన్నది. గుంటూరు మిర్చి యార్డులోనూ అంతే: కర్ఫ్యూ పెట్టి లారీలు ఆగి, టిక్కీలు (మిర్చి బస్తాలు) పేరుకుపోతేనే క్వింటా ధరకు దెబ్బ.

2015 అక్టోబరులో, గోమాంసం గొడవలప్పుడు, సొంత పార్టీ నేతలను అదుపు చేయకపోతే మోదీ విశ్వసనీయత దెబ్బతింటుందని మూడీస్ అనలిటిక్స్ హెచ్చరించింది. దీన్ని దేశం రేటింగ్ (అప్పు తీర్చగల సత్తాకు ఇచ్చే గ్రేడు) మీద దెబ్బగా అనుకోవడం పొరపాటు. హెచ్చరించింది మూడీస్ సంస్థలోని విశ్లేషణ విభాగం మాత్రమే. అప్పట్లో రేటింగ్ ఇచ్చింది మూడీస్ ఇన్వెస్టర్స్ సర్వీస్ (ఇప్పుడు దాని పేరు మూడీస్ రేటింగ్స్). అది 2017 నవంబరులో భారత్‌ను బీఏఏ3 నుంచి ఒక మెట్టు పైనున్న బీఏఏ2కి పెంచింది కూడా. అసలు భయం ఎంతో తెలియాలంటే ఇండియా విక్స్ (మార్కెట్ ఎంత ఊగొచ్చో చెప్పే సూచీ), రూపాయి మారకం, విదేశీ మదుపు సంస్థలు షేర్లు కొన్నదానికంటే ఎంత ఎక్కువ అమ్మాయన్నది, మూడూ కలిపి చూడాలి.