ఇరవై దాకా గడగడా చెబుతుంది, బొమ్మలో పక్షులెన్నో అడిగితే మాత్రం తడబడుతుంది. ఏం చేయాలి?

మీ పాపకి నాలుగున్నరేళ్లు, అంకెలు ఇరవై దాకా చెప్పేస్తుంది గానీ బొమ్మల పుస్తకంలో పక్షులెన్ని అంటే ఒకసారి ఆరంటుంది, ఇంకోసారి ఎనిమిదంటుంది, ఎక్కువ-తక్కువ, ముందు-వెనక కూడా కలిపేస్తుంది అని రాశారు. నేను ప్రభుత్వ బడిలో ఏళ్ల తరబడి ఒకటో తరగతికి చెబుతున్నాను. ఈ వయసులో ఇది మామూలే, టెన్షన్ పడకండి. నేను చూసినంతలో ఇలాంటి తప్పుల్లో సగం పిల్లలవి కావు, బొమ్మవి.

ఇరవై దాకా చెప్పడం పాట అప్పజెప్పడం లాంటిదే. లెక్కపెట్టడానికి ఇంకో రెండు తెలియాలి: ఒక్కో వస్తువుకి ఒక్కటే అంకె, ఆఖరున చెప్పిన అంకే మొత్తం. బొమ్మలో పక్షుల్ని పక్కకి జరపలేం కాబట్టి ఏది అయిందో ఏది మిగిలిందో పిల్లలకి గుర్తుండదు. ఒక్కో పక్షి మీద ఒక్కో చింతపిక్క పెట్టించండి. (ముక్కులో దూర్చుకునే రకమైతే సీసా మూతలు పెట్టించండి.) తర్వాత పిక్కల్ని తీసి వరసగా పేర్పించి లెక్కపెట్టమనండి. అయ్యాక "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంటే, ఆ రెండో సంగతి ఇంకా పట్టుబడలేదన్నమాట. "నాకు మూడు పిక్కలివ్వు" అని కూడా అడిగి చూడండి. ఇరవై చెప్పే పిల్లలు కూడా గుప్పెడు తీసి చేతిలో పోసేస్తారు. మూడు, నాలుగు అడిగినన్ని ఇచ్చేదాకా నేను ఐదు దాటిన బొమ్మ జోలికి పోను.

పోల్చడం దగ్గర బొమ్మలు ఇంకా మోసం చేస్తాయి. ఆరు లడ్డూలు దగ్గరదగ్గరగా, ఐదు లడ్డూలు దూరందూరంగా గీసి ఉంటే, పొడుగ్గా ఉన్న వరసలోనే ఎక్కువున్నాయంటారు. జీన్ పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఇలాంటి వరసలతోనే పిల్లల్ని పరీక్షించాడు. ఆరేడేళ్లు వచ్చేదాకా చాలామంది అలాగే చెబుతారు. అందుకని పై వరస లడ్డూకీ కింది వరస లడ్డూకీ పెన్సిల్‌తో గీత కలిపించండి. జోడీ లేకుండా ఎటు మిగిలితే అటు ఎక్కువ. అంకెలతో పని లేకుండానే తేలిపోతుంది. ఇక చీమని అరచేయంత, ఏనుగుని బొటనవేలంత వేసి "ఏది పెద్దది?" అని అడిగే పుస్తకాలున్నాయి. పాప చీమ అంటే తప్పెలా అవుతుంది చెప్పండి? "నిజంగా చూస్తే ఏది పెద్దది?" అని అడగండి, సరిపోతుంది.

ముందు-వెనక అనేవి మొదట ఒళ్లు కదిలించి నేర్పాలి. మంచం కింద దూరు, తలుపు వెనక దాక్కో, నాన్నకీ నాకూ మధ్యలో కూర్చో. ఈ ఆట కొన్నాళ్లు ఆడాకే బొమ్మ తీయండి. కాగితం మీద దూరంగా ఉన్నదాన్ని పేజీలో పైకి గీస్తారు. చెట్టు వెనక ఉన్న ఇల్లు పిల్లలకి చెట్టు పైన కనిపిస్తుంది. వాళ్లు చూసింది చూసినట్టే చెబుతున్నారు. పైగా బస్సుకైతే ముందూ వెనకా ఉంటాయి, చెట్టుకి ముందేది? అది మనం నిలబడిన చోటుని బట్టి మారుతుంది. అందుకే మొదట బస్సు, ఆవు, కుర్చీ ఉన్న బొమ్మలు వాడండి.

కొన్న పుస్తకాలన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది పెళ్లి ఆల్బమ్. గ్రూప్ ఫోటో తీసి "అమ్మమ్మ పక్కన ఎవరు? పెద్దనాన్న వెనక ఎవరు? ముందు వరసలో ఎంతమంది కూర్చున్నారు?" అని అడగండి. మనుషులంతా తెలిసినవాళ్లే కాబట్టి పిల్లలు విసుక్కోరు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు కూడా ఇక్కడే అలవాటవుతాయి. "మూడు అత్తలు" అంటే లెక్క కరెక్టే కాబట్టి ఆపి దిద్దకండి, "అవును, ముగ్గురు అత్తలు" అని మీరు తిరిగి అంటే చాలు. మధ్యమధ్యలో "తాతయ్య కుర్చీ కింద కూర్చున్నాడు కదా?" అని కావాలని తప్పు చెప్పండి. కోప్పడి మరీ "కింద కాదు, మీద!" అని దిద్దుతారు. నేను అడిగే ప్రశ్నలకంటే ఈ దిద్దడంలోనే ఎక్కువ మాటలు వచ్చేవి.

కుడి-ఎడమల గురించి మీరు అడగలేదు గానీ, బడిలో వర్క్‌బుక్ ఇస్తే అందులో ఉండొచ్చు. ఎదురుగా ఉన్న బొమ్మ కుడిచేయి మనకి ఎడమవైపు కనిపిస్తుంది, పెద్దవాళ్లమే ఒక క్షణం ఆగి చూసుకుంటాం. ఆ పేజీ ఇప్పటికి వదిలేయండి.