టెక్ సందేహాలు: పాత ఫోన్‌తో ఇంకెంత పని చేయించుకోవచ్చు?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఐదారేళ్లు దాటిన ఫోన్ల గురించే. కొందరికి ఇప్పట్లో కొత్తది కొనే వీలు లేదు, కొందరికి ఉన్నదాన్ని పారేయడం ఇష్టం లేదు. రెండూ సరైన కారణాలే. జవాబుల్లోకి వెళ్లే ముందు అందరికీ ఒక మాట. మీ పాత ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ ఉన్నాయా లేదా అన్నది ముందు చూసుకోండి. డబ్బు తిరిగే ఫోన్‌లో చేయదగ్గ మార్పులు వేరు, పాటలకీ వీడియోలకీ వాడుకునే ఫోన్‌లో చేయదగ్గవి వేరు. ఈ తేడా పట్టించుకోకుండా యూట్యూబ్‌లో చూసిన చిట్కాలన్నీ ఒకే ఫోన్ మీద ప్రయోగిస్తే ఇబ్బంది పడతారు.

నాది 2018లో కొన్న రెడ్‌మీ నోట్ 5 ప్రో. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. వాట్సాప్ తెరిస్తే చాలు, హ్యాంగ్ అవుతోంది. స్టోరేజ్ ఫుల్ అని రోజూ చూపిస్తోంది. క్లీనర్ యాప్ వేసినా తేడా లేదు. ఏం చేయాలి? – తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయుడు

ముందు ఆ క్లీనర్ యాప్ తీసేయండి మాస్టారూ. మీరు తరచూ వాడే యాప్‌లను ఆండ్రాయిడ్ కావాలనే ర్యామ్‌లో ఉంచుకుంటుంది, మళ్లీ తెరిచినప్పుడు వెంటనే రావాలని. క్లీనర్ వాటిని మూసేస్తుంది. దాంతో ప్రతిసారీ యాప్ మొదటి నుంచి లోడ్ అవ్వాలి. టైమూ పోతుంది, బ్యాటరీ కూడా ఖర్చవుతుంది. ర్యామ్ ఖాళీగా ఉంటే ఫోన్ వేగంగా ఉంటుందన్న నమ్మకం ఆండ్రాయిడ్ విషయంలో నిజం కాదు.

మీ ఫోన్‌ని నిజంగా ఇబ్బంది పెడుతున్నది స్టోరేజ్. నిండిపోయిన స్టోరేజ్‌లో కొత్తగా ఏదైనా రాయాలంటే పాతవాటిని అటూ ఇటూ జరిపి, చెరిపి, చోటు చేసుకోవాలి. ఆ కాలం ఫోన్లలోని మెమరీ చిప్‌కి అది చాలా నెమ్మదిగా జరిగే పని. వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి రాయాలి కాబట్టి, మొదట హ్యాంగ్ అయ్యేది అదే. కనీసం 8, 10 జీబీ ఖాళీగా ఉండేలా చూసుకోండి. చాలా ఫోన్లలో ఈ ఒక్క పనితోనే తేడా తెలుస్తుంది.

ఆ చోటు ఎక్కడ దొరుకుతుంది? బడి గ్రూపు, యూనియన్ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, బంధువుల గ్రూపు... వాటిలోనే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లు ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఇంకోచోట కనిపిస్తాయి. ఈ రెండో వరుసలో మీరు దాచుకోవాల్సినవి దాదాపు ఉండవు, ధైర్యంగా తీసేయండి. తర్వాత వెనక్కి 'స్టోరేజ్ అండ్ డేటా' పేజీకి వచ్చి, మీడియా ఆటో డౌన్‌లోడ్‌ని మొబైల్ డేటాకీ, వైఫైకీ రెండింటికీ ఆపండి. ఇకపై మీరు నొక్కిన ఫొటో మాత్రమే దిగుతుంది. ఇది చేయకపోతే నెల తిరిగేసరికి మళ్లీ ఇక్కడికే వస్తారు.

చాలామందికి తెలియని చోటు మరొకటి ఉంది. వాట్సాప్ ఫోల్డర్‌లో 'డేటాబేసెస్' అని ఉంటుంది. చివరి కొన్ని రోజుల చాట్ బ్యాకప్‌లు విడివిడిగా అందులో పడి ఉంటాయి. పాత అకౌంట్లలో ఒక్కో ఫైలే వందల ఎంబీ ఉండొచ్చు. అన్నిటికన్నా కొత్తది ఉంచి, తేదీలున్న పాతవి తీసేయవచ్చు.

ఫొటోల విషయానికొస్తే, గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నయినా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నిటికీ కలిపి 15 జీబీ. అది నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది. అందుకే బ్యాకప్ పూర్తయిందని చూసుకున్నాకే 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కండి. డ్రైవ్‌లో చోటు లేకపోతే, ఫోన్‌కే నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మీ ఫోన్ ఓటీజీకి పనికొస్తుంది.

చివరగా, 'అబౌట్ ఫోన్'లో మియూఐ (షావోమీ తన ఫోన్లకి మార్చి ఇచ్చే ఆండ్రాయిడ్) వెర్షన్ మీద వరుసగా ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి (వేరే కంపెనీల ఫోన్లలో బిల్డ్ నంబర్ మీద నొక్కాలి). వాటిలో విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ స్కేల్ అని మూడుంటాయి. మూడింటినీ 1 నుంచి 0.5కి మార్చండి. దీంతో ప్రాసెసర్ వేగం పెరగదు, కానీ తెర మారడానికి పట్టే సమయం సగమవుతుంది. రోజంతా వాడేవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. ఆ పేజీలో ఇంకేమీ కదిలించొద్దు.

ఐదేళ్లుగా ఒకే హోమ్ స్క్రీన్ చూసి విసుగొచ్చింది. పైగా లాక్ తీయబోతే వార్తలు, యాడ్స్. రూట్ చేయకుండా కొత్త లుక్ తేవచ్చా? – వరంగల్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

తేవచ్చు, రూట్ (ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తెరవడం) అవసరమే లేదు. ముందు యాడ్స్ సంగతి. లాక్ స్క్రీన్ మీద వచ్చేది చాలా ఫోన్లలో 'గ్లాన్స్'. లాక్ స్క్రీన్ లేదా వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆఫ్ చేయవచ్చు. షావోమీ, రెడ్‌మీ ఫోన్లయితే సెట్టింగ్స్ సెర్చ్‌లో 'ఆథరైజేషన్' అని వెతకండి. ఆ జాబితాలో 'ఎంఎస్ఏ' అన్నదాన్ని ఆఫ్ చేస్తే సిస్టమ్ యాప్‌లలో వచ్చే యాడ్స్ బాగా తగ్గుతాయి. మొదటిసారి ఆఫ్ చేస్తే కుదరలేదని చెప్పవచ్చు, మళ్లీ ప్రయత్నించండి.

లుక్ కోసం లాంచర్, అంటే హోమ్ స్క్రీన్‌ని చూపించే యాప్, మార్చండి. నా ఓటు నయాగరా లాంచర్‌కి. ఐకాన్ల గళ్లు ఉండవు, మీరు ఎక్కువగా వాడే యాప్‌లు ఒక చిన్న జాబితాగా వస్తాయి, మిగతావి అంచున అక్షరాల మీద వేలు జరిపితే దొరుకుతాయి. బరువు తక్కువ కాబట్టి పాత ఫోన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. ఐకాన్లు ఉండాల్సిందే అనుకుంటే లాన్‌చైర్ ఉంది, అది ఓపెన్ సోర్స్. ఐకాన్ ప్యాక్‌లు మార్చుకోవచ్చు, ఒక వరుసలో ఎన్ని ఐకాన్లు ఉండాలో మీరే నిర్ణయించవచ్చు. షావోమీ ఫోన్లలో బయటి లాంచర్ పెడితే ఫుల్ స్క్రీన్ గెశ్చర్లు పనిచేయక, కింద మూడు బటన్లకి తిరిగి రావాల్సి రావచ్చు. అందుకు సిద్ధపడండి.

కదిలే వాల్‌పేపర్లు, వాతావరణం చూపించే పెద్ద విడ్జెట్లు మాత్రం వద్దు. అవి నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. ఇంకో సంగతి, లాంచర్ గానీ థీమ్ యాప్ గానీ 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడిగితే ఆగి ఆలోచించండి. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు నొక్కగలదు. రెండుసార్లు తట్టి తెర ఆపుకోవడం లాంటి చిన్న సౌకర్యం కోసం అంత హక్కు ఇవ్వనక్కర్లేదు.

నా ఫోన్ ఆండ్రాయిడ్ 9. క్రోమ్ ఇక అప్‌డేట్ కాదంటోంది. ఫోన్‌పే, బ్యాంకు యాప్ మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. వాడుకోవచ్చా? – రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి

క్రోమ్ చెప్పింది నిజమే. 2025 ఆగస్టులో వచ్చిన 139వ వెర్షన్ నుంచి క్రోమ్‌కి ఆండ్రాయిడ్ 10 లేదా ఆపైన కావాలి. 8, 9 వెర్షన్లకి 138తోనే ఆగిపోయింది. దాంతో పాటు వెబ్‌వ్యూ అనే భాగం కూడా పాతబడిపోతుంది. చాలా యాప్‌లు లోపల వెబ్ పేజీలు చూపించడానికి వాడుకునేది దాన్నే. కాబట్టి 'నేను క్రోమ్ వాడను' అనుకున్నా సరిపోదు.

యాప్ పనిచేస్తోంది అంటే సురక్షితమని కాదండి. ఇకపై బయటపడే లోపాలకి ఆ ఫోన్‌లో మరమ్మతు రాదు. ఇవాళే ప్రమాదం వచ్చి పడుతుందని నేను అనను. కానీ ఇంట్లో ఇంకొంచెం కొత్త ఫోన్ ఉంటే యూపీఐని, బ్యాంకు యాప్‌ని అందులోకి మార్చండి. యూపీఐ రిజిస్టర్ అయ్యేటప్పుడు మీ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ వెళ్లాలి కాబట్టి బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. మార్చే వీలు లేకపోతే యూపీఐకి కొద్ది మొత్తం మాత్రమే ఉంచే వేరే ఖాతా జోడించండి. పెద్ద మొత్తం ఉన్న ఖాతాని ఆ ఫోన్‌లో తెరవొద్దు.

మరొకటి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్) వస్తే ఎవరు పంపినా నొక్కొద్దు. తెలిసినవాళ్ల ఫోన్ హ్యాక్ అయి వాళ్ల నంబరు నుంచే రావచ్చు.

ఉపాధ్యాయుడిగారి లాగే నాదీ రెడ్‌మీ నోట్ 5 ప్రో. రోజూ వాడే ఫోన్ వేరే ఉంది. దీని మీద లీనేజ్ ఓఎస్ వేస్తే కొత్త ఆండ్రాయిడ్ వస్తుందంటున్నారు. వేయమంటారా? – హైదరాబాద్ నుంచి ఒక ఉద్యోగి

రెండో ఫోన్ ఉందన్నారు కాబట్టి వేయమనే అంటాను. ఆండ్రాయిడ్‌ని మార్చి ఉచితంగా ఇచ్చిన సయనోజెన్‌మోడ్ 2016 డిసెంబర్‌లో మూతపడ్డాక దాని నుంచి పుట్టిందే లీనేజ్ ఓఎస్. కంపెనీలు వదిలేసిన ఫోన్లకి ఇలా మళ్లీ కొత్త ఆండ్రాయిడ్ అందిస్తున్నది ఎక్కువగా జీతం లేకుండా పనిచేసే డెవలపర్లు. వాళ్ల శ్రమ మీద నాకు గొప్ప గౌరవం. అయినా కొన్ని సంగతులు తెలిసే దిగండి.

వేరే ఓఎస్ ఎక్కించాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి, అలా చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది. షావోమీ సాధారణంగా అడిగిన వెంటనే అన్‌లాక్ చేయనివ్వదు, 168 గంటలు, అంటే వారం, ఆగమంటుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ మారిందా అని యాప్‌లు చూసుకునే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో అన్‌లాక్ అయిన ఫోన్ తప్పుతుంది. అందుకే చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. తెరిపించే అడ్డదారులు నెట్‌లో బోలెడు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి. బ్యాంకు యాప్‌ని మోసగించే పని అది, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం.

మీ మోడల్‌కి ప్రత్యేకంగా ఇంకో గండం ఉంది. 2018లో షావోమీ దీనికి యాంటీ రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లకుండా అడ్డు, పెట్టింది. దాని తర్వాత పాత మియూఐ వెర్షన్‌ని ఫ్లాష్ చేసిన (కంప్యూటర్ నుంచి ఎక్కించిన) చాలా ఫోన్లు పూర్తిగా చచ్చిపోయాయి. కాబట్టి వెనక్కి వెళ్లే ప్రయత్నం చేయొద్దు. ఈ ఫోన్ కోడ్ పేరు 'వైరెడ్' (whyred). ఆ పేరుతో ఉన్న ఫైళ్లు మాత్రమే వాడండి, నోట్ 5వి వేయకండి. గూగుల్ యాప్‌లు లీనేజ్‌లో ఉండవు. కావాలంటే ఓఎస్ ఎక్కించిన వెంటనే, మొదటిసారి ఆన్ చేయకముందే వేసుకోవాలి.

కొత్త ఆండ్రాయిడ్ వచ్చినంత మాత్రాన భద్రత మొత్తం కొత్తదైపోదు. ప్రాసెసర్, మోడెమ్‌లని నడిపే ఫర్మ్‌వేర్ అనే లోపలి సాఫ్ట్‌వేర్‌ని కంపెనీయే ఇవ్వాలి, అది పాతదే ఉంటుంది. చదువుకోవడానికి, పాటలకి, ప్రయోగాలకి వాడుకోండి. డబ్బుకి మాత్రం మీ రెండో ఫోనే.

పాత ఫోన్‌ని పశువుల పాకలో సీసీ కెమెరాలా పెట్టొచ్చా? – ఖమ్మం జిల్లా నుంచి ఒక రైతు

పెట్టొచ్చు. అక్కడికి వైఫై అందితే చాలు. ఆల్‌ఫ్రెడ్ లాంటి యాప్ రెండు ఫోన్లలో వేసి, ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. పాకలోది కెమెరాగా, మీ చేతిలోది చూసేదిగా పనిచేస్తుంది.

జాగ్రత్తంతా బ్యాటరీ దగ్గరే. పాత లిథియం బ్యాటరీని రాత్రీ పగలూ ఛార్జర్‌కి తగిలించి ఉంచితే, పైగా ఎండ వేడి కూడా తోడైతే, ఉబ్బుతుంది. నిప్పంటుకోవచ్చు కూడా. పెట్టే ముందే చూడండి: వెనక భాగం ఉబ్బెత్తుగా ఉన్నా, తెర అంచు కాస్త పైకి లేచినా ఆ ఫోన్ ఈ పనికి పనికిరాదు. దాన్ని ఛార్జ్ చేయొద్దు, పొడవొద్దు, చెత్తలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. బ్యాటరీ బాగుంటే ఎలక్ట్రికల్ షాపులో టైమర్ ప్లగ్ కొని, రోజుకి కొన్ని గంటలే ఛార్జ్ అయ్యేలా పెట్టండి. గడ్డివాముకి, ఎండు మేతకి దూరంగా, నీడలో, గాలి తగిలే చోట బిగించండి.

గుంటూరులో ఉన్న మా నాన్నగారికి నా పాత ఐఫోన్ 7 తేవాలనుకుంటున్నాను. పనికొస్తుందా? – డాలస్ నుంచి ఒక పాఠకురాలు

వాట్సాప్ వీడియో కాల్స్ కోసమైతే ఇప్పటికి వస్తుంది. ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గర ఆగింది. వాట్సాప్ 2025 మే నుంచి కనీసం ఐఓఎస్ 15.1 అడుగుతోంది. అంటే అంచు మీద ఉంది, ఎన్నాళ్లో ఉండకపోవచ్చు.

బయల్దేరే ముందు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి 'క్యారియర్ లాక్' దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడండి. లాక్ ఉంటే ఇక్కడి సిమ్ పనిచేయదు, అన్‌లాక్ చేయాల్సింది మీ అమెరికా కంపెనీయే కాబట్టి అక్కడ ఉండగానే చేయించండి. బ్యాటరీ హెల్త్ 80 శాతం కంటే తక్కువ ఉంటే బ్యాటరీ మార్పించి తెస్తే నాన్నగారికి ఆ బాధ ఉండదు. వచ్చిన ఐఓఎస్ 15 అప్‌డేట్‌లన్నీ వేయండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయ్యేవి, ఐఓఎస్ 11.2.6తో గానీ బాగుపడలేదు. మన భాషలో వాడేవాళ్లకి అప్‌డేట్ ఎందుకు ముఖ్యమో అప్పుడు బాగా తెలిసింది. ఇచ్చేటప్పుడు తెర మీద అక్షరాలు పెద్దవి చేసి, తెలుగు కీబోర్డు జోడించి ఇవ్వండి.

ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చే ముందు ఏమేం తీసేయాలి? – విజయనగరం నుంచి

వరుస ముఖ్యం. ముందు వాట్సాప్ చాట్‌లు, ఫొటోలు బ్యాకప్ చేయండి. తర్వాత యూపీఐ లైట్ (పిన్ లేకుండా చిన్న మొత్తాలు కట్టే సదుపాయం) వాడుతుంటే దాన్ని క్లోజ్ చేయండి. అందులోని డబ్బు ఆ ఫోన్‌కే ముడిపడి ఉంటుంది, క్లోజ్ చేస్తే బ్యాంకు ఖాతాలోకి తిరిగి వస్తుంది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తొలగించండి. తొలగించకుండా రీసెట్ చేస్తే కొన్నవాళ్ల దగ్గర ఫోన్ మీ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చోవచ్చు. 2015 నాటిదో అంతకంటే పాతదో అయిన ఫోన్ అయితే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, లేకపోతే తుడిచిన ఫొటోలు మళ్లీ బయటికి తీసే అవకాశం ఉంటుంది. సిమ్ అందరూ తీస్తారు, మెమరీ కార్డు మాత్రం చాలామంది ట్రేలోనే వదిలేస్తారు. షాపువాళ్లకి ఇచ్చే ముందు ఆ ట్రే ఒకసారి బయటికి లాగి చూడండి.