సీఎస్‌ఈ సీటు వదిలి ఫిజిక్స్, ఎర్త్ సైన్స్‌కి పంపాలా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె సార్, బెంగళూరొచ్చి చానా ఏళ్లయింది, కేఆర్ పురంలో ఉంటాం. మా పాప సెకండ్ పీయూసీ (ఇంటర్ సెకండియర్) పీసీఎంసీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, మంచి మార్కులతో పాసయింది. ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) తిరుపతిలో బీఎస్-ఎంఎస్ సీటొచ్చింది, సీఈటీలో (కర్ణాటక ఇంజినీరింగ్ ఎంట్రెన్స్) ఒక ప్రైవేట్ కాలేజీలో సీఎస్‌ఈ కూడా వచ్చేట్టుంది. పాపేమో ఫిజిక్స్, ఎర్త్ సైన్స్ రెండూ చదువుతా అంటోంది. "ఫిజిక్స్ అయితే లెక్చరర్, రాళ్ల చదువయితే గనులు, రెండూ కలిపితే రెంటికీ చెడ్డ రేవడి" అని మా బావమరిది అంటున్నాడు. ఆడపిల్ల కొండలు గుట్టలు పట్టుకుని తిరగాలేమో అని మా ఆవిడ భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: సార్, మీరు కళ్యాణదుర్గం అన్నారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతా. మీ పక్క బోరు వేయించే ముందు ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు, ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడుస్తాడు, కాయ లేచి నిలబడ్డ చోట గుర్తు పెడతారు, రిగ్గు లారీ వస్తుంది, వందల అడుగులు దించినా దుమ్మే లేస్తుంది, చివరికి అప్పు మిగుల్తుంది. అదే పొలానికి జియోఫిజిసిస్ట్, అంటే ఫిజిక్స్ కొలతలతో నేల లోపల ఏముందో కనిపెట్టేవాడు, వస్తే నాలుగు ఇనప కడ్డీలు ఒకే వరసలో సమాన దూరంలో నేలలోకి దిగ్గొడతాడు, బయటి రెండు కడ్డీల్లోంచి కరెంటు పంపిస్తాడు, లోపలి రెండిటి మధ్య వోల్టేజ్ కొలుస్తాడు. కడ్డీల మధ్య ఎడం పెంచుకుంటూ పోతే ఇంకా ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. పొడిగా గట్టిగా ఉన్న గ్రానైట్ అయితే రెసిస్టివిటీ (కరెంటుని అడ్డుకునే గుణం) వేల ఓమ్-మీటర్లలో ఉంటుంది, అదే రాయి పగిలి, మెత్తబడి, నీళ్లు పట్టి ఉంటే వందల్లోకి, పదుల్లోకి కూడా పడిపోతుంది. ఇదంతా మీ పాప పీయూసీలో చదివిన ఓమ్ సూత్రమే, వేరే మాయేం లేదు.

చిక్కు ఎక్కడుందంటే బంకమన్ను ఉన్నా రీడింగ్ అట్లాగే పడిపోతుంది. బంకమన్ను నీళ్లని పట్టుకుంటుంది గానీ బోరులోకి వదలదు. ఆ తేడా మీటర్‌కి తెలీదు. అక్కడి రాయి ఏంటి, డైక్ (రాతిలోకి గోడలా చొచ్చుకొచ్చిన వేరే రాయి) ఎటు పోతోంది, పాత వంక ఎక్కడ పారేది, ఇవన్నీ కళ్లతో చూసి చెప్పగలిగినోడే ఆ నంబర్‌కి అర్థం చెప్తాడు. ఉత్త ఫిజిక్స్ వచ్చినోడు బంకమన్నులో బోరు వేయిస్తాడు, ఉత్త రాళ్లు తెలిసినోడికి నేల కింద ఏముందో కనబడదు. కాబట్టి రెంటికీ చెడ్డం అనేది ఈ రెండు సబ్జెక్టుల విషయంలో ఉల్టా సార్, విడివిడిగా చదివితేనే కొంచెం కుంటి. మీ బావమరిది గారికి ఈ బోరు సంగతే చెప్పండి, ఆయనకీ పొలం ఉండే ఉంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి, దాచకుండా చెప్తా. సీఎస్‌ఈ నాలుగేళ్లు, ఇది ఐదేళ్లు. ఇరవై రెండేళ్లకి జీతం లెక్క చూస్తే సీఎస్‌ఈ పిల్లే ముందుంటుంది, అందులో వాదన లేదు. రీసెర్చ్ వైపు పోతే పీహెచ్‌డీ ఇంకో ఐదేళ్లు అనుకోండి, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. తిండికి లోటుండదు గానీ ఇల్లు కొనే జీతం కాదు. ఇంట్లో అప్పులున్నాయి, నాలుగేళ్లలో పాప జీతం రాకపోతే కుదరదు అనే పరిస్థితి ఉంటే అది నిజమైన కారణం, సీఎస్‌ఈకే పంపండి, తప్పేం లేదు, కానీ పాపతో ఆ మాటే విప్పి చెప్పండి. "స్కోప్ లేదు" అని చెప్పి పంపితే అది అబద్ధం, రెండేళ్లకి పాపకే తెలిసిపోతుంది. అట్లాంటి ఇబ్బంది లేకపోతే మాత్రం ఐసర్ సీటు వదలొద్దు, నా అభిప్రాయం ఇంత సూటిగానే చెప్తున్నా. పీసీఎంసీ పిల్ల ఐఏటీ (ఐసర్ ఎంట్రెన్స్) రాసి సీటు తెచ్చుకుందంటే చిన్న విషయం కాదు, ఆ 60 ప్రశ్నల్లో 15 బయాలజీవే ఉంటాయి, అంటే పావు పేపర్ చదవని సబ్జెక్టులోంచి వచ్చింది.

ఇక ఫిజిక్సా, ఎర్త్ సైన్సా అని ఇంట్లో ఇప్పుడే కొట్లాడుకోకండి. ఐసర్‌లో మొదట్లో అందరికీ కామన్ కోర్సులే, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ అన్నీ చదవాలి, మేజర్ తర్వాత తీసుకుంటారు, తిరుపతిలో ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది కాబట్టి రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. నన్నడిగితే మేజర్ ఏదైనా సరే, మొదటి రెండేళ్లు ఫిజిక్స్, మ్యాథ్స్ మీద పడిపోవాలి. ఎందుకంటే ఫిజిక్స్ గట్టిగా వచ్చిన పిల్ల ఇరవై రెండేళ్లకి కూడా రాళ్లు నేర్చుకోగలదు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లంటే భయపడి తప్పించుకున్న పిల్ల ఇరవై రెండేళ్లకి సీస్మాలజీ (భూకంపాల శాస్త్రం) పేపర్ చదవలేదు. చేసేవాళ్లు ఉంటారు గానీ చాలా కష్టపడతారు.

ఇంకో ప్రాక్టికల్ విషయం, దీన్ని చాలామంది ఫైనలియర్‌కొచ్చాక కనుక్కుంటారు. యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ ఎగ్జామ్ అని ఉంది, జియలాజికల్ సర్వేలో, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డులో గ్రూప్-ఎ పోస్టులు దాంతోనే ఇస్తారు. అందులో జియోఫిజిసిస్ట్ పోస్టుకి మామూలు ఎంఎస్సీ ఫిజిక్స్ వాళ్లు కూడా రాయొచ్చు. జియాలజిస్ట్ పోస్టుకి మాత్రం జియాలజీ వైపు మాస్టర్సే ఉండాలి, ఏమేం డిగ్రీలు చెల్లుతాయో నోటిఫికేషన్‌లో పేరు పేరునా రాస్తారు. కాబట్టి పాప మేజర్ ఫారం నింపే ముందు సర్టిఫికెట్ మీద ఏ పేరు పడుతుందో ఆఫీసులో అడిగి, ఆ లిస్టు పక్కన పెట్టుకుని చూసుకోవాలి. చదివింది అదే అయినా కాగితం మీద పేరు వేరే ఉందని తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగడం ఎవరికి కావాలి చెప్పండి. గేట్‌లో కూడా జియాలజీ అండ్ జియోఫిజిక్స్ అని పేపర్ ఉంది, జియాలజీ పార్ట్ వేరే, జియోఫిజిక్స్ పార్ట్ వేరే, ఫిజిక్స్ పిల్లలకి రెండోది తేలిక.

ఉద్యోగాలంటే గనులు ఒక్కటే కాదు సార్. 2004 సునామీ తర్వాత హైదరాబాద్ ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు, 2007 నుంచి నడుస్తోంది, అక్కడ పనంతా అలల ఫిజిక్సే. ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ) కూడా హైదరాబాద్‌లోనే, 1961 నాటిది. మీకు ఇంకా దగ్గర గౌరీబిదనూరు, తెలుగు మాట్లాడేవాళ్లు చానామంది ఉన్న ఊరు, అక్కడ బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల సీస్మిక్ అర్రే, అంటే భూమి అదురు పట్టే మీటర్ల వరస, 1960ల నుంచి ఉంది, ఎక్కడో వేరే దేశంలో భూమి లోపల అణు పరీక్ష చేస్తే ఇక్కడ రాళ్లలో పెట్టిన సీస్మోమీటర్లు పట్టేస్తాయి, అది భూకంపమా బాంబా అని తేల్చడం మళ్లీ ఫిజిక్స్ పనే. ఇస్రో, నాసా కలిసి 2025 జులైలో శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ శాటిలైట్ ఉంది కదా, నేల ఎక్కడ కుంగుతోంది, ఎక్కడ జరుగుతోంది అని రాడార్‌తో సెంటీమీటర్ల లెక్కలో చూస్తుంది, ఆ డేటా చదివేవాళ్లు కావాలి. బెంగళూరులోనే పిక్సెల్ లాంటి శాటిలైట్ స్టార్టప్‌లు ఉన్నాయి. పైథాన్ బాగా వచ్చి, భూమి గురించి తెలిసిన పిల్లకి ఐటీ తలుపు కూడా మూసుకుపోదు, రేపు మనసు మారితే అటు కూడా పోవచ్చు.

మొదటి ఏడాది గురించి పాపకి ఒకటి ముందే చెప్పండి. అగ్నిపర్వతాలు, హిమాలయాలు ఊహించుకుని వెళ్తారు, తీరా వెళ్తే లీనియర్ ఆల్జీబ్రా, పెండ్యులం ల్యాబ్, ఎర్రర్ లెక్కలు, బయాలజీ అసైన్‌మెంట్, ఇవీ దొరికేవి. పీయూసీలో నాలుగు ఆప్షన్లలోంచి కొట్టేయడం అలవాటైన పిల్లలకి, తెల్ల కాగితం మీద రెండు పేజీల డెరివేషన్ సొంతంగా రాయమంటే చెయ్యి ఆడదు. చుట్టూ ఉన్నవాళ్లంతా వాళ్ల వాళ్ల కాలేజీల్లో టాపర్లే, మొదటి సెమిస్టర్ గ్రేడ్ చూసి మీరు ఫోన్లో కేకలెయ్యకండి, ప్లీజ్. రెండో సెమిస్టర్‌కి కుదురుకుంటారు.

రాళ్ల వైపు పనిలో ఫిజిక్స్ పిల్లలు తప్పకుండా ఇష్టపడేది ఒకటుంది. రాయిని కోసి, గాజు పలకకి అంటించి, అరగదీసి అరగదీసి 0.03 మిల్లీమీటర్ల మందానికి తెస్తారు, అంత పల్చగా అయితే నల్లరాయి లోపలికి కూడా వెలుతురు దూరుతుంది. పోలరైజర్ల మధ్య పెట్టి మైక్రోస్కోప్‌లో స్టేజీ తిప్పితే ఒక్కో ఖనిజం ఒక్కో రంగు తిరుగుతుంది, ఆ మందంలో క్వార్ట్జ్ అయితే బూడిద రంగు, తెలుపు, అంతకు మించి పోదు, ఆలివీన్ అనే ఖనిజం అయితే రంగుల పండగే. పోలరైజేషన్ చాప్టర్ బట్టీ పట్టిన పిల్లకి అది ఎందుకు చదివిందో అక్కడ అర్థమవుతుంది. ఫిజిక్స్ మేజర్ తీసుకున్నా ఆ ల్యాబ్ కోర్సు ఒకటి చెయ్యమనండి. రెండోది ఫ్లూయిడ్ మెకానిక్స్, మన దగ్గర ఫిజిక్స్ సిలబస్‌లలో దీన్ని చాలాచోట్ల పైపైన తేల్చేస్తారు, గాలి, సముద్రం, మ్యాగ్మా అన్నీ దాని మీదే నడుస్తాయి, ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవాలి. సెలవులకి మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, వాటిలో ఒకటైన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆఫీసు మన సదాశివనగర్‌లోనే. రెండో ఏడాది నుంచి అప్లై చేస్తూ ఉండాలి, ఒకసారి రాకపోతే మళ్లీ.

మీ ఆవిడ భయం గురించి. ఫీల్డ్ ఉంటుంది, లేదని చెప్పను, ఎండలో నడవాలి, బాత్రూం ఇబ్బందులుంటాయి, చదువుకునేప్పుడు మాత్రం మాస్టర్లతో బ్యాచ్ బ్యాచ్‌గా పోతారు, ఒంటరిగా ఎవరూ పంపరు. భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పనిచెయ్యకూడదనే పాత రూల్‌ని కూడా 2019లో సడలించారు. పైగా జియోఫిజిక్స్‌లో సగం పని కంప్యూటర్ ముందే. అమ్మగారికి అన్నా మణి గారి గురించి చెప్పండి, 1918లో పుట్టిన కేరళ ఆవిడ, మన బెంగళూరులో సర్ సీవీ రామన్ దగ్గర వజ్రాల మీద, కెంపుల మీద ఫిజిక్స్ చేసి, ఇంగ్లండ్ పోయి వాతావరణ పరికరాలు నేర్చుకొచ్చి, వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా వెళ్లారు. ఆ రోజుల్లోనే ఫిజిక్స్ నుంచి గాలి, ఎండ, ఓజోన్ వైపు వచ్చారావిడ. ఎంఎస్సీ లేదని ఆవిడకి పీహెచ్‌డీ ఇవ్వలేదు, అది వేరే కథ, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిర్ణయం తీసుకునే ముందు ఒక ఆదివారం పొద్దున పాపని తీసుకుని లాల్‌బాగ్ పోండి. కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఉంది కదా, జనం కూర్చుని దోసకాయ ముక్కలు తింటుంటారు, అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ స్మారకం అని బోర్డు కూడా పెట్టారు. ఆ బండలో తెల్ల చారలు, నల్ల చారలు వంకర్లు తిరిగి ఉంటాయి. మీరేం చెప్పకండి, ఊరికే కూర్చోండి. పాప సెల్ఫీ తీసుకుని పోదాం పద అంటే ఎర్త్ సైన్స్ మోజు బహుశా వీడియోలు చూసి వచ్చింది, ఫిజిక్స్ ఒక్కటీ చాలు. వంగి చారలు తడుముతూ ఇది వంగిందెట్లా అని అడిగితే ఇక మీరు ఆపినా ఆగదు.

ఒకవేళ తిరుపతి సీటు ఏ కారణంతో పోయినా దారి మూసుకుపోదు. బెంగళూరులోనే బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ తీసుకుని, జామ్ (ఐఐటీల ఎంఎస్సీ ఎంట్రెన్స్) రాసి ఐఐటీల్లో ఎంఎస్సీ జియోఫిజిక్స్‌కి పోవచ్చు, ఆంధ్రా యూనివర్సిటీలో, ఉస్మానియాలో కూడా జియోఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లు ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటి ఎంట్రెన్స్‌లు వేరే. అంతేగానీ ఈ ఏడాది సీటు రాలేదని లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపడం నాకిష్టం లేదు.

సీఈటీ రౌండ్‌లో ఆప్షన్ ఖాయం చేసే ముందు క్యాన్సిలేషన్ రూల్స్, డేట్లు చదువుకోండి, ఒరిజినల్ మార్క్స్ కార్డ్, టీసీ ఒక చోట ఇచ్చాక ఇంకోచోటికి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. బోర్డులో పాప టాప్ 1 శాతంలో ఉంటే ఏడాదికి 80,000 ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ కోసం కూడా చూస్తూ ఉండండి. ఫీల్డ్ సుత్తి, కంపాస్ ఇప్పుడే కొనకండి, డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయి. చీలమండ దాకా వచ్చే మంచి షూస్ ఒక జత, ఓ మోస్తరు ల్యాప్‌టాప్, ఈ రెండూ చాలు.