శిల్పంలాంటి ఫర్నిచర్ చేసేవాళ్లు మ్యూజియం ఎగ్జిబిషన్ డిజైన్ చేయగలరా?

మీరు ఎనిమిదేళ్లుగా చెక్కతో శిల్పాల్లాంటి కుర్చీలు, బెంచీలు చేస్తున్నారు, ఇప్పుడు ఒక మ్యూజియం వాళ్లు ఎగ్జిబిషన్ మొత్తం డిజైన్ చేయమన్నారు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోండి. నేనూ ఈ దారినే వచ్చాను. కాకపోతే మొదటిసారి నాకు అయిన చిన్న అవమానం చెప్తాను.

హాల్లో నా బెంచీలు ఆరు పెట్టాను. ప్రారంభం రోజు రెండు గంటలు మూల నిలబడి చూశాను. ఒక్కరూ కూర్చోలేదు. ఒక పెద్దావిడ కాళ్లు లాగుతున్నాయని గోడకు ఆనుకుని నిలబడ్డారు, నా బెంచీ పక్కనే! "కూర్చోండమ్మా" అంటే, "అయ్యో, ముట్టుకుంటే ఏమంటారో" అన్నారు. తప్పు ఆవిడది కాదు. బెంచీల కింద నాలుగంగుళాల పీఠం వేసింది నేను, పైనుంచి స్పాట్‌లైట్ కొట్టింది నేను. నన్ను చూడండి అని వాటిచేత చెప్పించాక, నా మీద కూర్చోండి అన్న మాట ఎవరికి వినపడుతుంది? ఆ రాత్రే పీఠాలు తీసేసి, లైట్లు ఆపేసి, బెంచీలను బొమ్మల వైపు తిప్పాం. పొద్దున్న గార్డు ఒకాయన టీ తాగాక వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు.

ఇది కూర్చునేదా, చూసేదా అన్న ఈ గందరగోళాన్నే పనిముట్టుగా వాడుకున్నవాళ్లు ఉన్నారు. 1942లో కళాఖండాలు సేకరించే పెగ్గీ గుగ్గెన్‌హైమ్ న్యూయార్క్ గ్యాలరీకి ఆర్కిటెక్ట్ ఫ్రెడరిక్ కీస్లర్ చేసిన వంపుల చెక్క ఫర్నిచర్ చూడండి. ఒకటే ముక్క ఒకసారి కుర్చీ, తిప్పితే శిల్పానికి పీఠం. పద్దెనిమిది రకాలుగా వాడొచ్చని ఆయన చెప్పుకునేవాడు. కుర్చీలనే శిల్పాలుగా చేసిన స్కాట్ బర్టన్ 1989లో న్యూయార్క్ మోమాలో (ఆధునిక కళల మ్యూజియంలో) శిల్పి బ్రాంకుసి ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, బ్రాంకుసి పీఠాలను కూడా శిల్పాలుగానే చూపించాడు. ఫర్నిచర్ చేసిన చేయి కాబట్టే పీఠం మీదకు చూపు వెళ్లిందని నా నమ్మకం.

మీకున్న అసలు బలం, మనిషి ఒళ్లు ఎక్కడ అలసిపోతుందో తెలియడం. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా వేలాడదీయడం మామూలు. అది నిలబడ్డ మనిషి కంటికి. 45 సెంటీమీటర్ల బెంచీ మీద కూర్చుంటే కన్ను బాగా కిందికి దిగుతుంది. అందుకే బెంచీ ఎదుట వచ్చేవాటిని నేను కూర్చుని చూసుకుని మరీ దించుతాను. ప్రదర్శనలో ఏం పెట్టాలో చూసుకునే క్యూరేటర్లు మొదట గొణుగుతారు. ఒకసారి కూర్చోబెట్టండి, ఒప్పుకుంటారు.

మనకు తెలియనిది కెమిస్ట్రీ. సీసం పతకాల కోసం ఓక్ చెక్కతో గాజు తలుపుల పెట్టె చెక్కాను. నా చేతిలో అంత బాగా కుదిరిన పని అంతకుముందు లేదు. వస్తువులు పాడవకుండా చూసుకునే కన్జర్వేటర్ చూసి తల అడ్డంగా ఊపారు. ఓక్ నుంచి ఎసిటిక్ యాసిడ్ ఆవిరి వస్తుంది, మూసిన పెట్టెలో అది సీసాన్ని తినేస్తుంది, పైన తెల్లటి పొడి లేస్తుంది. వాళ్లు వాడే ఆడీ టెస్ట్‌లో పదార్థం ముక్కతో పాటు వెండి, రాగి, సీసం రేకులు పెట్టి, బాగా తేమలో, 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి, ఆ రేకులు పాడవుతాయేమో చూస్తారు. అంటే మీ చెక్క నచ్చిందో లేదో తెలియడానికే నెల పడుతుంది. చివరికి పతకాలు స్టీలు, గాజు పెట్టెలోకి వెళ్లాయి. నా ఓక్ బయట కాళ్లుగా మిగిలింది. బాధేసింది, అబద్ధం ఎందుకు.

లైటింగ్ ఇంకో దెబ్బ. కాగితం, బట్ట ఉన్న గదిలో సాధారణంగా వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. ఆ మసకలో ముదురు చెక్క బెంచీ కనపడక జనం మోకాళ్లు కొట్టుకుంటారు. అంచు ఒక్కటైనా లేత రంగులో ఉంచండి.

సంతకం పెట్టేముందు వస్తువుల జాబితా అడగండి, కొలతలు, బరువులతో సహా. అది ఇంకా ఖరారు కాలేదంటే గీయడం మొదలుపెట్టకండి. నేను మొదలుపెట్టి, మూడుసార్లు మొత్తం చింపేసి మళ్లీ గీశాను.