తైపేనా, బీజింగా? మీ పనికి ఏ మాండరిన్ కోర్సు మంచిది

పని కోసం కొన్ని నెలల మాండరిన్ (చైనీస్) కోర్సు తైపేలో చేయాలా, బీజింగ్‌లోనా అని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కె నాలుగో లెవెల్ పాసయ్యారు, ఫోన్‌లో మాట్లాడగలరు, కానీ చైనాలోని షెన్‌జెన్ సప్లయర్లకు మెయిల్ రాయాలంటే టెన్షన్. అలాంటప్పుడు నా ఓటు బీజింగ్‌కే. తైపేలో చదువు చాలా బాగుంటుంది, నేషనల్ తైవాన్ నార్మల్ యూనివర్సిటీ మాండరిన్ సెంటర్ 1956 నుంచీ నడుస్తోంది, కాకపోతే అక్కడ నేర్పేది సంప్రదాయ లిపి (పాత, ఎక్కువ గీతలున్న అక్షరాలు), మీ సప్లయర్లు రాసేది సరళ లిపి (చైనాలో వాడే, గీతలు తగ్గించిన అక్షరాలు), ఉన్న కొద్ది నెలల్లో రెండో లిపి భారం మీకెందుకండీ? బీజింగ్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ యూనివర్సిటీని ముందు చూడండి.

పేరులో 'బిజినెస్ చైనీస్' అని ఉంది కదా అని మాత్రం ఫీజు కట్టేయకండి. ఇలాంటి క్లాసుల్లో చాలావరకు పరిచయాలు, విందు మర్యాదలు, బేరాలు, అంటే మాట్లాడటమే ఎక్కువ. వారంలో రాత పని ఎంత, టీచర్ దిద్ది మళ్లీ రాయిస్తారా, మన ఆఫీసు మెయిల్స్ (ధరలు, పేర్లు తీసేసి) తెచ్చుకోవచ్చా అని ముందే మెయిల్‌లో అడగండి, జవాబు దాటవేస్తే ఆ కోర్సు వదిలేయండి. చేతిరాత మీద మరీ కష్టపడొద్దు, పిన్‌యిన్‌తో, అంటే చైనీస్ ఉచ్చారణను ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టే పద్ధతిలో, వేగంగా టైప్ చేస్తూ సరైన అక్షరం ఎంచుకోవడమే మీకు రోజూ కావాల్సింది, అదీ చైనా మెసేజింగ్ యాప్ వీచాట్‌లో పంపే చిన్న మెసేజ్‌లతో సహా. లక్ష్యం కావాలంటే బీసీటీ (బిజినెస్ చైనీస్ టెస్ట్) పరీక్ష ఉంది, అందులో రాత విభాగం కూడా ఉంటుంది.

చైనా స్టూడెంట్ వీసా సంగతి, 180 రోజుల లోపు కోర్సుకైతే ఎక్స్2, అంతకు మించితే ఎక్స్1.